మగ్గం మూలలో కూర్చున్న కంప్యూటర్

రండప్పా, దగ్గరగా జరిగి కూర్చోండి. ఆ చాప ఇట్ల లాక్కోండి. చేతిలో ఫోను ఉంటే కాసేపు బోర్లా పెట్టండి. మా ఇంట్లో కంప్యూటర్ ఎట్ల పుట్టిందో, పుట్టినాక ఎట్ల మొండికేసిందో, మళ్ళీ ఎట్ల దారికొచ్చిందో చెప్తాను. మీ ఇంట్లో పిల్లలు కూడా ఇట్లాంటిది కట్టుకుంటామని కూర్చుంటే ఈ మాటలు పనికొస్తాయి. పనికి రాకపోతే నవ్వుకునేదానికైనా అవుతాయి.

మాది బెంగళూరు పేటలో పట్టు నేసే ఇల్లు. మా మామగారి కాలంలో చేతిమగ్గాలు, మా ఇంటాయన కాలానికి కరెంటు మగ్గాలు వచ్చినాయి. వీధివైపు హాల్లో మూడు మగ్గాలు ఉండేవి. అందులో ఒకటి ముసలిదైపోతే, ఆనేకల్‌లో ఉండే మా తమ్ముడు విడిభాగాలకు పనికొస్తుందని బండిలో వేసుకోని పోయినాడు. అది పోయినాక ఆ మూల పన్ను ఊడిన నోరు మాదిరి బోసిగా ఉండేది. అక్కడ బియ్యం మూటలు పెడదామని నేను, పట్టు కండెలు పెడదామని మా ఇంటాయన. మా అత్తేమో, "నా మంచం వేయండి, వీధిలో పోయేవాళ్ళు కనిపిస్తారు" అనింది. మా పాప మాత్రం కొలత టేపు తెచ్చి ఆ మూలను కొలుచుకోని పోయింది.

పాప అంటే చిన్న పిల్ల అనుకునేరు. డిగ్రీ ఆఖరి ఏడు చదువుతాండాది. మా ఇంట్లో పెండ్లయ్యేదాకా ఆడపిల్ల పాపే. ఆ పాపకు కంప్యూటర్ ఆటల పిచ్చి. వాళ్ళ కాలేజీలో ఆడపిల్లలు ఐదుగురు ఒక జట్టు కట్టుకున్నారు. అందరూ కలిసి ఒక గేమింగ్ సెంటర్‌కు పోయి, అక్కడి కంప్యూటర్లలో ఆడేవాళ్ళు. ఆ ఏడు వాళ్ళకు పెద్ద పోటీలోకి పోయే అవకాశం వచ్చింది. అయితే ఎవరింట్లో నుంచి వాళ్ళు, ఎవరి కంప్యూటర్‌లో వాళ్ళు ఆడాల. మొదటి ఆట విజయదశమి నాడు, దీపాలు పెట్టే వేళకు. జట్టుకు పెద్దగా ఉండే అమ్మాయి మా పాపకు కచ్చితంగా చెప్పేసిందంట: "నువ్వు బాగా ఆడతావు. కానీ ఆ రోజు నువ్వు లైన్‌లో లేకపోతే, ఇంకొక అమ్మాయి రెడీగా ఉండాది. ఆమెను తీసుకుంటే పోటీ అంతా ఆమే ఆడుతుంది."

అది విన్నప్పటి నుంచి మా పిల్లకు అన్నం సరిగా దిగలేదు. మజ్జిగన్నంలో వేలు పెట్టి తిప్పుతా కూర్చునేది. చూసి చూసి మా ఇంటాయనే అన్నాడు: "సరేమ్మా. ఆ మూల నీదే. కానీ అది మగ్గం నిలబడిన చోటు. సుమ్నే, ఊరికే బొమ్మ మాదిరి పెట్టేదానికి కాదు. పెడితే పని చేయాల."

"చేస్తాది నాయనా" అనింది పాప. ఆ రాత్రి మూడు సార్లు అన్నం పెట్టించుకుంది.

రెడీగా ఉండే కంప్యూటర్ కొనొచ్చు కదా అని నేనడిగితే, మా పాప నాకు పెండ్లి సంబంధం మాదిరి చెప్పింది. ముందు ఏ ఆట ఆడాలో, ఎంత తెర మీద ఆడాలో తేల్చుకోవాలంట. ఆ ఆటకు సరిపోయే గ్రాఫిక్స్ కార్డు పెండ్లికొడుకు. బొమ్మలన్నీ గీసేది అదే. దానికి తగిన ప్రాసెసర్ పెండ్లికూతురు. ఒకరు మరీ గొప్పోళ్ళు, ఒకరు మరీ నిదానమైతే ఆ కాపురంలో ఒకరి కోసం ఒకరు కాచుకుంటా కూర్చోవాల్సిందే. ప్రాసెసర్‌కూ మదర్‌బోర్డుకూ జాతకాలు కలవాల, లేకపోతే ఆ బోర్డు గుంతలో ఇది కూర్చోనే కూర్చోదు. ఇంగ అందరికీ కరెంటు వడ్డించే పవర్ సప్లై అంటే వంటాయన. ఆయన దగ్గర కక్కుర్తి పడితే పెండ్లంతా పాడు. "పైపైన మెరిసే లైట్లు తగ్గించుకున్నా పర్వాలేదమ్మా, పవర్ సప్లై మాత్రం మంచి కంపెనీది ఉండాల" అనింది. అంత చెప్పిన పిల్ల, కంప్యూటర్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డులో అంగడి అంగడి తిరిగి రంగురంగుల లైట్లు తిరిగే ఫ్యాన్లే తెచ్చింది. వయసు కదప్పా.

సామాన్లు వచ్చిన రోజు చూడాల మా ఇంటి సంబరం. మా అత్త నడుము పట్టుకోని లేచొచ్చి, "కొత్త సామాను, ఒట్టి నేల మీద పెడతారా?" అని బీరువాలో నుంచి ఒక పట్టు పంచ తీసింది. మా మామగారిది, జరీ అంచుది. మా ఇంట్లో ఏది కొత్తగా వచ్చినా ముందు పట్టు మీద పెట్టి, కుంకుమ పెట్టి, అప్పుడు వాడుకుంటాము. మిక్సీ వచ్చినా అంతే, గ్యాస్ పొయ్యి వచ్చినా అంతే. నేను ఆ పంచను నీటుగా పరిచి, మదర్‌బోర్డు కవరు విప్పి దాని మీద పెట్టబోతిని.

"అమ్మా! పట్టు వద్దు!" అని పాప అరిచిన అరుపుకు వీధిలో పూలమ్మే ఆమె కూడా లోపలికి తొంగి చూసింది.

మా అత్తకు కోపమొచ్చింది. "పట్టు వద్దా? పట్టు పెట్టిన కూడు తిని పెరిగిన ఇంట్లో పుట్టి పట్టు వద్దంటావా?"

"అది కాదవ్వా. చలికాలం పట్టుచీర మడత విప్పితే చిటపటమంటాది కదా, చేతి వెంట్రుకలు లేస్తాయి కదా? ఆ చిన్న కరెంటు మనకేమీ చేయదు. దీనికి మాత్రం ఆయువు తీసేస్తాది."

మా అత్త పంచ చేతిలోకి తీసుకుంది. "అది నిజమే. మీ తాత పట్టు మడత వేస్తాంటే ముట్టుకోనిచ్చేవాడు కాదు, చురుక్కుమంటాదని" అని పంచ మడిచి ఒళ్ళో పెట్టుకుంది. దాని బదులు మా వడ్డన చెక్కపీట తెచ్చి, దాని మీద మదర్‌బోర్డు వచ్చిన అట్టపెట్టెనే పెట్టి, ఆ అట్ట మీద పని మొదలు పెట్టింది పాప. ఏది ముట్టుకునే ముందైనా క్యాబినెట్, అంటే ఇవన్నీ బిగించే ఇనుప పెట్టె, దాని ఇనుమును ఒకసారి తాకేది. ఒంట్లో ఉండే చిటపట దాంట్లోకి పోతాదంట. ఆమెను చూసి మా అత్త కూడా ఏ పనీ లేకున్నా అప్పుడప్పుడు పోయి ఆ ఇనుమును తాకి వచ్చేది, గుళ్ళో గడప తాకినట్ల.

ప్రాసెసర్ పెట్టేటప్పుడు మాత్రం అందరమూ పనులు వదిలి చుట్టూ చేరినాము. దాని మూలలో చిన్న ముక్కోణం గుర్తు, బోర్డు మీద ఇంకొకటి. ఆ రెండూ కలిపి పైనుంచి వదిలితే అదే కూర్చుంటాది. నొక్కకూడదు. దాని మీద తెల్లని పేస్టు, పచ్చి బఠాణీ అంత వేసింది. "ఇంతేనా? ఇడ్లీకి చెట్నీ అయినా ఇంతకంటే వేస్తారు కదే" అన్నాను. "ఎక్కువైతే పక్కకు కారుతాదమ్మా, తక్కువైతే వేడి పైకి పోదు" అనింది. దాని మీద పెద్ద ఇనుప రేకుల గోపురం, ఆ గోపురానికి ఒక ఫ్యాను. ఈ గోపురం ఫ్యాను మాట గుర్తు పెట్టుకోండి. ప్రాసెసర్ వేడిని బయటికి తోసేది అదే.

అంతా బిగించి, క్యాబినెట్ మూత వేసి, పాప బటన్ నొక్కింది. లైట్లు వెలిగినాయి. ఎర్రగా, నీలంగా, పచ్చగా చక్రాలు చక్రాలుగా తిరిగినాయి. మేమంతా చప్పట్లు కొట్టినాము. తెర మాత్రం నల్లగానే ఉండాది.

"పుట్టింది గానీ ఏడవలేదే" అనింది మా అత్త. బిడ్డ పుట్టగానే ఏడవకపోతే మంత్రసానికి ఎంత భయమో అట్ల చెప్పింది.

మా ఇంటాయన వెంటనే రంగంలోకి దిగినాడు. "ఆ వైరు తీసి ఈడ పెట్టు, ఆ కార్డు తీసేయి, దాన్ని కూడా అటు తిప్పు" అని ఒకేసారి అన్నీ చెప్తాండాడు. పాప నడుము మీద చేయి పెట్టుకోని ఆయన వైపు తిరిగింది.

"నాయనా, మగ్గం మీద చీరలో గీత పడితే నువ్వేం చేస్తావు?"

"మగ్గం ఆపి, ఏ పోగు తప్పిందో వెతుకుతా."

"పడుగంతా కోసేస్తావా?"

"ఏమే, నీకు పిచ్చా?"

"మరి నాకేమిటికి అంతా పీకమని చెప్తాండావు? ఒకటి చూడాల, ఒకటి మార్చాల, మళ్ళీ వేయాల. రెండు ఒకేసారి మారిస్తే ఏది తప్పో ఎప్పటికీ తెలియదు."

ఆయన పోయి కండె చుట్టుకుంటా కూర్చున్నాడు. ఆ కండె ఎంత గట్టిగా చుట్టినాడో, మర్నాడు విప్పేదానికి నాకు గోళ్ళు నొప్పెట్టినాయి.

ఆ రోజు రెండు తప్పులు దొరికినాయి. తెర వైరును క్యాబినెట్ వెనక పైన ఉండే బెజ్జంలో పెట్టింది పాప. అది మదర్‌బోర్డుది. గ్రాఫిక్స్ కార్డు బెజ్జం కిందుగా, అడ్డంగా ఉంటాది. పెండ్లికొడుకును విడిదిలో కూర్చోబెట్టి పందిట్లో తాళి వెతికినట్ల అయింది. సరే, వైరు కిందికి మార్చినా తెర వెలగలేదు. అప్పుడు మెమరీ ముక్కలు, ర్యామ్ అంటారు కదా, వాటిని తీసి మళ్ళీ పెట్టింది. ఈసారి బొటనవేళ్ళతో రెండు కొసలా నొక్కితే టక్ మని ఒకటి, టక్ మని ఇంకొకటి వినిపించింది. అంతకుముందు ఒక కొస కూర్చోలేదన్నమాట. బటన్ నొక్కితే తెర వెలిగింది. మా అత్త, "ఏడ్చింది, ఏడ్చింది!" అని చేతులు తట్టింది. బెల్లం ముక్క తెచ్చి అందరి నోట్లో పెట్టినాను. కంప్యూటర్‌కు కూడా పెట్టబోతే పాప నా చేయి పట్టుకుంది.

అట్ల కొన్నాళ్ళు బాగా నడిచింది. ఒకవైపు మగ్గాలు టకటకమంటాంటే, ఇంకొకవైపు పాప చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకోని ఎవరినో అరుస్తా ఆడేది. "కవర్ చేయే! వెనక చూడే!" అని ఆమె అరిస్తే, మా ఇంటాయన ఉలిక్కిపడి తన వెనక చూసుకునేవాడు.

ఒకటే చిక్కు, పట్టు దుమ్ము. నేసే ఇంట్లో గాలిలోనే మెత్తని నూగు తిరుగుతాంటాది. అందుకని క్యాబినెట్ నెత్తిన గాలి బెజ్జాల మీద అయస్కాంతంతో అంటుకునే సన్న వల ఒకటి ఉండాది. పాప దాన్ని వారం వారం తీసి దులిపేది. మీ ఇల్లు రోడ్డు పక్కన ఉన్నా, ఇంట్లో పిల్లి ఉన్నా, ఈ వల దులిపే పని మాత్రం మరవొద్దండి.

ఆయుధపూజ వచ్చింది. నేసే ఇంటికి అంతకంటే పెద్ద హబ్బ, పెద్ద పండగ ఏముంటాది? మగ్గాలన్నీ తుడిచి, పోగు అటూ ఇటూ మోసే నాడెలు కడిగి, కత్తెర దగ్గర నుంచి వంటింటి ఈలపీట దాకా పసుపు కుంకుమ పెట్టి వరసగా పెడతాము. ఒకసారి పూజలో పెట్టినాక, మర్నాడు పొద్దున మళ్ళీ హారతి ఇచ్చేదాకా ఏ పనిముట్టునూ ముట్టకూడదు. ఏడాదంతా పని చేసిన సామానుకు ఆ ఒక్క రోజు సెలవు.

"అవ్వా, నా కంప్యూటర్‌కు సెలవు వద్దు. రేపు ఆట ఉండాది, ఈ రోజు ప్రాక్టీస్ చేయాల" అని బతిమాలింది పాప.

"మగ్గానికి లేని గొప్పతనం దానికేమే? అది కూడా మన ఇంటి పనిముట్టే. పూజలో కూర్చోవాల్సిందే" అనింది మా అత్త. ఆ మాటకు పాపకు కోపం రావాల, కానీ మొహం విప్పారింది. దాన్ని బొమ్మ అనకుండా పనిముట్టు అన్నది మా ఇంట్లో అదే మొదటిసారి.

ఇంగ మేము కంప్యూటర్‌ను అలంకరించినాము. తెర మీద విభూతి పెట్టబోతే, "తెర మీద వద్దు, గీతలు పడతాయి" అని పాప ఇనుప అంచు మీద పెట్టించింది. "బండి చక్రాల కింద నిమ్మకాయలు పెడతాము కదా, దీనికి చక్రాలు యాడుండాయి?" అని మా అత్త వంగి వంగి వెతికింది. ఆఖరికి మౌస్ ముందర ఒక నిమ్మకాయ పెట్టి తృప్తి పడింది. ఇల్లంతా కడిగే ఊపులో క్యాబినెట్ నెత్తిన ఉండే వలను కూడా తీసి, సబ్బు నీళ్ళలో జాడించి, మిద్దె మీద తీగకు వేసినాము. తడి వల పెట్టకూడదని పాపే చెప్పింది. ఆరినాక పెడదాము అనుకున్నాము. అందరూ అనుకున్నాము కాబట్టి ఎవరూ పెట్టలేదు.

హారతి అయినాక అక్షింతలు. మా అత్త కలిపే అక్షింతలు చూడాల. పసుపు ధారాళం, నెయ్యి ఇంకా ధారాళం. గింజ గింజా మెరుస్తాంటాది. మగ్గాల మీద తలా ఇన్ని చల్లినాము. కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి, మనవరాలిది కదా అని, మా అత్త రెండు చేతులా తీసుకోని, "తల్లీ, నా మనవరాలికి జయం ఇయ్యి" అని దాని నెత్తిన దోసిలి దోసిలిగా వేసింది. చుట్టుపక్కల వాళ్ళకు బొరుగులు, బెల్లం, శనగలు పంచినాము. గుమ్మడికాయ కొట్టినాము. హబ్బ బాగా జరిగింది.

మర్నాడు పొద్దున మళ్ళీ హారతి ఇచ్చి, పూలు తీసి, కంప్యూటర్‌ను ఒక నిమిషం వేసి చూసి ఆపేసినాము. బాగుండాది. మధ్యాహ్నం ఓబట్లు, అదే బొబ్బట్లు, తిని పాప ప్రాక్టీస్‌కు కూర్చుంది. ఆట మంచి ఊపులో ఉండగా టప్ మని ఆగిపోయింది. మళ్ళీ వేస్తే వెలిగింది. ఆట మొదలు పెడితే మళ్ళీ టప్. మూడోసారి కూడా అంతే.

పాప గడియారం చూసింది. ఫోనులో జట్టు పెద్దమ్మాయి అడుగుతాండాది, "రెడీనా?" అని. పాప జవాబు రాయకుండా ఫోనును తొడ కింద పెట్టుకుంది.

పైన బాడుగకుండే అమ్మాయి ఓబట్టు గిన్నె తిరిగి ఇచ్చేదానికి అప్పుడే దిగొచ్చింది. గోదావరి పక్కది, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో కంప్యూటర్ ఆఫీసులో పని. మా మొహాలు చూసి, "ఏమైంది ఆంటీ, ఎవరికైనా సీరియస్సా?" అనింది.

"మనుషులకు కాదమ్మా, దీనికి" అన్నాను.

ఆమె గిన్నె కింద పెట్టి కూర్చుంది. "ఆడుతుంటేనే ఆగుతోందా, ఊరికే ఉన్నా ఆగుతోందా?"

"ఆడితేనే అక్కా."

"అయితే హీట్ అయ్యుంటుంది. టెంపరేచర్ చూపించేది ఓపెన్ చేసి, ఆట స్టార్ట్ చెయ్యి, చూద్దాం."

తెర మూలలో అంకెలు కనిపించినాయి. ఆట మొదలు కాగానే గ్రాఫిక్స్ కార్డు అంకె మెల్లగా నడిచింది. ప్రాసెసర్ అంకె మాత్రం పాలు పొంగినట్ల పైపైకి ఎగిరింది. "ఆపెయ్, ఆపెయ్!" అనింది పైనమ్మాయి. "ప్రాసెసర్‌దే ప్రాబ్లం. తన్ను తాను కాపాడుకోడానికి ఆగిపోతోంది."

"గోపురం తీసి పేస్టు మళ్ళీ వేయాలేమో" అనింది పాప. గోపురం తీసి, తుడిచి, మళ్ళీ బిగించాలంటే పొద్దు గుంకుతాది. ఆట దాటిపోతాది.

మా ఇంటాయన ఈసారి ఏదీ పీకమనలేదు. పక్కన గొంతుకూర్చుని, "ఒకటి చూడాల, ఒకటి మార్చాల అన్నావు కదమ్మా. తీసేముందు చూసినావా?" అన్నాడు.

"చూసినా నాయనా. ఫ్యాన్లన్నీ తిరుగుతాండాయి."

అద్దం మూత తీసి అందరమూ తలలు దూర్చినాము. నిజమే, అన్నింట్లో రంగులు గిరగిరా తిరుగుతాండాయి. పాప కొంచెంసేపు అట్లే చూసింది. చూసి చూసి, "తిరిగేది రంగులా, రెక్కలా?" అని తనకు తానే అనుకుంది. లేచిపోయి మగ్గం మీద నుంచి ఒక తెల్ల పట్టుపోగు తెంచుకోని వచ్చింది. మా ఇంట్లో కిటికీ సందులో గాలి ఎటు నుంచి వస్తాందో చూడాలంటే ఒక పోగు పట్టుకుంటాము. పట్టుపోగు ఊపిరికి కూడా కదులుతాది.

"చేతికి చుట్టుకుంటాదే, జాగ్రత్త!" అని నేను అరుస్తాండాను. ఆమె రెక్కలకు దూరంగా, గాలి బయటికొచ్చే వైపు పోగు వేలాడదీసింది. ముందు ఫ్యాను దగ్గర పోగు పడగెత్తి ఆడింది. వెనక ఫ్యాను దగ్గర కూడా ఆడింది. గోపురం ఫ్యాను దగ్గర పెడితే, పోగు నిటారుగా, బుద్ధిమంతురాలి మాదిరి వేలాడతా ఉండిపోయింది. రంగులు మాత్రం దాని చుట్టూ ఒకదాని వెంట ఒకటి పరుగులే పరుగులు!

"దొంగముండ!" అనింది పాప. "లైట్లు తిప్పుతా, రెక్క తిప్పడంలేదు."

కరెంటు ఆపి, వైరు పీకి, ఇనుమును తాకి, టార్చి వేసి చూసింది. రెక్క కొసకూ చట్రానికీ నడుమ ఒక పచ్చని గింజ ఇరుక్కోనుండాది. అక్షింత. నెయ్యితో అంటుకోని, చీల కొట్టినట్ల కూర్చోనుండాది. వల లేని నెత్తి బెజ్జాల్లో నుంచి లోపలికి జారిందన్నమాట. చుట్టూ చూస్తే బోర్డు మీద ఇంకా కొన్ని గింజలు, వాటికి అంటుకున్న పట్టు నూగు.

పాప నా కళ్ళలోకి చూసింది. నేను మా ఇంటాయన కళ్ళలోకి చూసినాను. ఆయన మిద్దె కప్పు చూసినాడు. పైనమ్మాయి పెదవి కొరుక్కోని నవ్వు ఆపుకుంటాండాది. మంచం మీద నుంచి మా అత్త అడిగింది: "ఏమి దొరికిందే?"

"ఏం లేదవ్వా. సుమ్నే... ఒక గింజ."

"యాది, ఇట్ల తే."

తప్పించుకునేదానికి దారి లేదు. పాప పట్టకారుతో గింజ తీసి అవ్వ అరచేతిలో పెట్టింది. ఆమె వెలుగుకు పెట్టి చూసింది, వాసన చూసింది.

"ఇది నా అక్షింత. నెయ్యి చూడు, ఇంకా మెరుస్తాండాది."

ముసలామె బాధపడుతుందేమోనని నేను మంచం దగ్గరికి జరిగినాను.

"మీరంతా వేసినవి పైపైన పడినాయి" అనింది మా అత్త తీరిగ్గా. "నాది మాత్రం తిన్నగా గుండెకాయలోకి పోయింది."

"పోయి, గుండెకాయను ఆపేసిందవ్వా!" అనింది పాప.

"ఆపకపోతే మీరు మూత తీసేవాళ్ళా? ఆ నూగు చూడు, లోపల పరుపు కుట్టుకునేటంత ఉండాది. సాకు, ఇంగ మాటలు చాలు. శుభ్రం చేసి ఆడుకో పో, పొద్దు పోతాండాది."

ఇంగ చూడాల మా పరుగు. రంగులు వేసే మెత్తని కొత్త కుంచె ఒకటి పైనమ్మాయి తన గదిలో నుంచి తెచ్చింది. పాప గింజలు, నూగు ఒక్కొక్కటే కుంచెతో తీస్తాంటే, మా ఇంటాయన టార్చి పట్టుకున్నాడు. ఫ్యాను రెక్కను ఒక వేలితో కదలకుండా పట్టుకోని తుడవాలంట, ఊరికే గిరగిరా తిప్పకూడదు. నేను మిద్దె మీదికి పోయి ఆరిన వల తెచ్చి ఇచ్చినాను. అది నెత్తిన టప్ మని అంటుకుంది. మళ్ళీ వేసినాము. పాప పోగు పట్టుకుంది. గోపురం దగ్గర ఆ పోగు లేచి నాట్యమాడింది. ఆట మొదలు పెడితే తెర మీద అంకె కొంత దూరం ఎక్కి, అక్కడ బుద్ధిగా నిలబడింది.

అప్పుడు పాప తొడ కింద నుంచి ఫోను తీసి రాసింది: "రెడీ."

మా వీధిలో అందరూ జమ్మి ఆకులు పంచుకునే వేళకు మా ఇంట్లో ఆట మొదలైంది. మగ్గాలు ఆ రోజు ఇంకా నడవలేదు కాబట్టి ఇల్లు నిశ్శబ్దంగా ఉండాది. మా అత్త కుర్చీ వేయించుకోని మనవరాలి పక్కనే కూర్చుంది. తెర మీద ఏమి జరుగుతాందో ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. పాప భుజాలు ముందుకు వంగితే కష్టమని, వెనక్కి వాలితే సుఖమని మేము లెక్క వేసుకున్నాము.

"ఆ ఎర్ర చొక్కావాడు మనవాడా?" అనింది మా అత్త.

"కాదవ్వా, వాణ్ణి కొట్టాల!"

"అట్లయితే కొట్టు, ఏమిటికి చూస్తాండావు?"

గెలిచినారా అని అడుగుతారు మీరు. ఆ ఆటలో మూడు రౌండ్లంట. మొదటిది గెలిచినారు, రెండోది ఓడినారు, మూడోది పోయేట్ల పోయి, ఆఖరి ఘడియలో మా పాప ఒక్కతే మిగిలి గెలిపించింది. ఆ ఒక్కతే మిగిలినప్పుడు మా ఇంటాయన హాలు బయటికి పోయి నిలబడినాడు, చూడలేక. లోపల అరుపు వినిపించినాక, "గెలిచినారా, కాలి మీద ఏమన్నా పడిందా?" అని అడిగి మరీ లోపలికి వచ్చినాడు. జట్టు పెద్దమ్మాయి ఫోను చేసి, "వచ్చే ఆట కూడా నువ్వే. ఎక్కడికీ పోవద్దు" అనిందంట. పాప ఆ మాట మాకు చెప్పి, పోయి వంటింట్లో చల్లారిన ఓబట్లు ఎన్ని ఉంటే అన్నీ తినింది.

ఆ గింజను మా అత్త పారేయనీయలేదు. కుంకుమ భరిణెలో వేసుకోనుండాది. ఇప్పుడు మా ఇంట్లో కొత్త పద్ధతి. హబ్బకు ముందురోజే వల కడిగి, ఆరబెట్టి, మళ్ళీ నెత్తిన పెట్టినాకే దీపం వెలిగిస్తాము. పూలు, కుంకుమ కంప్యూటర్‌కు. అక్షింతలు మాత్రం దాని ముందర కూర్చునే పిల్ల నెత్తిన.

ఇంతసేపు కూర్చున్నారు కదా, కొంచెం తల వంచండి. నా దగ్గర కూడా ఇన్ని అక్షింతలు ఉండాయి. మీ ఇంట్లో తిరగాల్సినవన్నీ తిరగనీ, వెలగాల్సినవన్నీ వెలగనీ. మీ పొయ్యి మీద పాలు, మీ పిల్లల మొహాల్లో నవ్వు పొంగనీ. ఏదన్నా ఆగిపోతే, తప్పిన పోగు తొందరగా చేతికి దొరకనీ. మీ ఇల్లు చల్లగా ఉండనీ అప్పా, చల్లగా ఉండనీ.